ఏరగా మిగిలిన జీడిపప్పు

డాక్టరమ్మ నా చెయ్యి పట్టుకుని నాడి చూడబోయి ఆగింది. అరచెయ్యి వెలుతురులోకి తిప్పింది. బొటనవేలి పక్కన, చూపుడువేలి కొసన చర్మం నల్లగా, బెరడులా ఉంటుంది నాకు. అది మురికి కాదు, జీడిసొన. కాల్చిన జీడిగింజను కొట్టినప్పుడు పెంకులోంచి సొన చిమ్ముతుంది. పడినచోట చర్మం కాలి ఊడుతుంది. మళ్ళీ వచ్చే చర్మం ఇదిగో, ఇలా వస్తుంది. పని మానేసి ఏళ్ళయింది కానీ వేళ్ళు మాత్రం తెల్లబడలేదు.

"జీడిపప్పు కొట్టేవారా అమ్మా?"

"ఆయ్. కాపరానికొచ్చిన కాణ్ణించీ అదే పనండీ."

నాకు సంతకం పెట్టడం వరకే వచ్చు. నేను చెబుతుంటే, కువైట్ నుంచి సెలవుకి వచ్చిన మా అమ్మాయి రాస్తోంది. మధ్యలో "ఇది కూడా రాయాలా అమ్మా?" అంటుంది. రాయమన్నాను. మరిచిపోకముందే చెప్పాలని కదా కూర్చున్నాను.

ఆ మరుపే నా భయం. అమలాపురం ఆసుపత్రికి వెళ్ళిందీ దాని కోసమే.

మాది రాజోలు దగ్గర పల్లె, కాలవ గట్టు మీద ఇల్లు. ఆ ఇంట్లో నేనూ మా తోడికోడలూ ఉంటాం. మా ఆయన పోయారు, ఆయన తమ్ముడూ పోయాడు. ఇద్దరన్నదమ్ములూ మమ్మల్ని ఒకరికొకరిని అప్పజెప్పి వెళ్ళిపోయారు. తనది పెద్ద నోరు. నాదీ చిన్నదేం కాదు. అందుకే ఇంట్లో మేమిద్దరమే ఉన్నా, మనుషులు లేరనిపించదు.

ఒకరోజు తెల్లవారుతూనే లేచి, పెరట్లో నీళ్ళపొయ్యిలోని బూడిద సత్తుగిన్నెలోకి ఎత్తుకున్నాను. కొంగు దోపుకుని గట్టు వెంట నడిచి షావుకారు గారి జీడిపప్పు షెడ్డు దగ్గరికి వెళ్ళాను. జీడిసొన చేతికి అంటకుండా బూడిద పూసుకునేవాళ్ళం మేము. ఎవరి గిన్నె వాళ్ళు తెచ్చుకోవాలి. షెడ్డు తలుపుకి తాళం ఉంది. నాకు కోపం వచ్చింది, ఇంకా తీయలేదేమిటని. లోపలినుంచి నీచువాసన. ఒకాయన వచ్చి, "ఏం కావాలండీ?" అన్నాడు.

"పనికొచ్చానండీ" అన్నాను.

ఆయన నా వైపూ గిన్నె వైపూ చూశాడు. "ఇది రొయ్యల మేత గోడౌనండీ. ఇక్కడ ఆడాళ్ళకి పనేం ఉంటదండీ?"

అప్పుడు తెలిసింది. షెడ్డు ఎప్పుడో మూసేశారు. నేను అరుగు మీద కూలబడ్డాను. మా తోడికోడలు చెప్పులు కూడా లేకుండా పరుగెత్తుకొచ్చింది.

"అక్కా! ఏంటే ఇది? కాఫీ కలిపేను, రా" అంది. ఇంకొక్క మాట అనలేదు. మామూలుగా అయితే ఊరంతా వినపడేలా తిట్టాలి. తిట్టలేదంటేనే నాకు అర్థమైంది. మా అత్తగారికీ ఇలాగే మొదలైంది మరి.

ఆవిడ కూడా ముందు పొద్దున్నే లేచి, షెడ్డు నుంచి పప్పు బస్తా ఇంకా రాలేదేమని అడిగేది. తరువాత పొయ్యి మీద నీళ్ళు లేకుండా గిన్నె పెట్టేది. ఆ తరువాత సొంత కొడుకు అన్నం తింటుంటే ఎదురుగా నిలబడి, "మీరు షావుకారు గారి మనుషులాండీ?" అని అడిగింది. ఆ పూట మా ఆయన కంచంలో చెయ్యి కడిగేసుకుని లేచిపోయారు. నేను అలా అయితే మా అమ్మాయి ఉద్యోగం మానుకుని రావాలి. అదొకటి. ఆయన చిరాకుపడ్డా, నవ్వినా, అన్నీ నా తలలోనే ఉన్నాయి, ఇంకెక్కడా లేవు. అవి చెరిగిపోతే ఆయన రెండోసారి పోయినట్టే. నాకు అదే ఎక్కువ భయం.

డాక్టరమ్మ రక్తం తీయించింది, కడుపు స్కాన్ తీయించింది. నేను తల సంగతి అడిగితే తను లివర్ సంగతి ఎత్తింది.

"లివర్‌కి కొవ్వు పట్టిందమ్మా."

నాకు ఒళ్ళు మండింది. మా ఊళ్ళో లివర్ జబ్బు అంటే ఒకటే అర్థం. "నేను మందు ముట్టుకోనండీ" అన్నాను.

"ముట్టుకోకపోయినా పడుతుంది. అన్నం ఎంత తింటారు?"

నేను నోరు తెరిచేలోపు మా తోడికోడలు అందుకుంది. "కంచం అడుగు కనపడనంతండీ. పైన చారు పోసుకోడానికి గుంట తియ్యాలండీ."

డాక్టరమ్మ నవ్వింది. అన్నం తగ్గించి కూర పెంచమంది. సాయంత్రం గట్టు వెంట నడవమంది. రోజూ ఒక గుప్పెడు పప్పులు తినమంది. బాదం, ఆక్రోటు, వేరుశనగ, జీడిపప్పు, ఏవైనా సరే, నూనెలో వేయించకుండా, ఉప్పూ బెల్లం తగలకుండా.

"పెద్దవయసులో మెదడుకీ, గుండెకీ, లివర్‌కీ అవి మంచివమ్మా. అలాగని మందు అనుకోకండి. పోయిన జ్ఞాపకాన్ని తీసుకురావు. ఉన్నదాన్ని కాపాడుకోడానికి మన వంతు మనం చెయ్యడం, అంతే. మరుపు సంగతి మళ్ళీ వచ్చినప్పుడు ఇంకా చూస్తాను."

బస్సెక్కాక మా తోడికోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఒకటే నవ్వు.

"ఏంటే?" అన్నాను.

"జీడిపప్పు కొట్టీ కొట్టీ ముసలైపోయిన దానికి జీడిపప్పు తినమని చీటీ రాసింది చూడు. చేపలోడికి చేపలు తినమన్నట్టు."

"చేపలోడు ఇంటికెళ్ళి పులుసైనా పెట్టుకుంటాడే. మనం ఎప్పుడైనా తిన్నామా?"

తన నవ్వు ఆగిపోయింది. కిటికీలోంచి కొబ్బరితోటలు వెనక్కి పోతున్నాయి. ఏం తలుచుకుంటున్నామో ఇద్దరికీ తెలుసు.

ఆ షెడ్డు వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. పెద్ద రేకు పెనం మీద గింజలు పోసి కాల్చేవారు. సొన కారి భగ్గున మండేది. పొగకి కళ్ళు ఎర్రబడి, అందరం ఏడ్చినవాళ్ళలా ఉండేవాళ్ళం. చల్లారాక వరసగా కూర్చుని, రాయి మీద గింజ నిలబెట్టి చెక్కసుత్తితో కొట్టడం. దెబ్బ గట్టిగా పడితే పప్పు విరుగుతుంది, మెత్తగా పడితే పెంకే పగలదు. మా అత్తగారు అటు పక్కావిడతో కబుర్లు చెబుతూనే కొట్టేది. గింజ తనంతట తనే విచ్చుకున్నట్టు ఉండేది. మా చేతికి రాలేదు ఆ దెబ్బ.

ఎండబెట్టిన పప్పు బస్తాలో ఇంటికి వచ్చేది. ఎర్రటి పొర తీసి, చేటలో పోసి ఏరడం ఇంటిపని. విరగని పప్పుని గుండు అనేవాళ్ళం. రెండుగా విడితే బద్ద. పొడి అయితే నూక. మూడు రాశులూ మూడు సంచుల్లో షావుకారు గారికి వెళ్ళిపోయేవి. ఇక మచ్చపడినవి, ముడుచుకుపోయినవి, పురుగు తొలిచినవి, వానకి చెమ్మెక్కినవి ఆయన తీసుకోకుండా వెనక్కి పంపేవాడు. వాటికి మా ఇంట్లో ఒక పేరుంది. "ఇంటివి" అనేవాళ్ళం. అవి మావి. వంకాయ కూరలో పొడి కొట్టి వేసినా, పండగనాడు పాయసంలో వేసినా ఇంటివే. అమ్మవారికి నైవేద్యం పెట్టేటప్పుడు మాత్రం మా అత్తగారు కాస్త ఆలోచించి, ఒక బద్ద వేసేది. గుండు వేసేది కాదు.

"నోట్లో వేసుకున్న గుండు పొట్టలోకి పోద్ది. చేటలో ఉన్న గుండు ఇల్లు నిలబెట్టుద్ది" అనేది.

మా తోడికోడలు కొత్తగా కాపరానికి వచ్చినప్పుడు చేట ముందు కూర్చుని, కబుర్లలో పడి ఒక గుండు నోట్లో వేసుకుంది. మా అత్తగారు తలెత్తకుండానే, "నోరు తెరువమ్మా" అంది.

"ఏంలేదత్తయ్యా."

"తెరువు."

తెరిచింది. సగం నమిలిన గుండు నాలుక మీద ఉంది. మా అత్తగారు కొట్టలేదు, తిట్టలేదు. "సరే, మింగెయ్యి. ఇంక దాని రుచి మర్చిపో" అంది. ఆ మాట చెప్పి మా తోడికోడలు ఇప్పటికీ నవ్విస్తుంది. అప్పుడు మాత్రం గోడవైపు తిరిగి ఏడ్చింది పాపం.

నేను కడుపుతో ఉన్నప్పుడు నాకూ మనసు పోయింది. మట్టి మీదికి పోలేదు, మామిడికాయ మీదికి పోలేదు, పొద్దస్తమానం నా వేళ్ళ మధ్య తిరిగే ఆ తెల్లటి గుండు మీదికి పోయింది. ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకి ఎలా తెలిసిందో తెలియదు. సంచులు సైకిల్ మీద షావుకారు గారికి చేరవేసేది ఆయనే. ఒక సాయంత్రం ఇంటివాటిలోంచి కొన్ని ఏరుకుని, గడప మీద కూర్చుని, చాకుతో మచ్చ ఉన్నమేర సన్నగా చెక్కారు. చెక్కి చెక్కి అరచేతిలో కుప్ప పోశారు. సగానికి సగం అయిపోయాయి కానీ తెల్లగా ఉన్నాయి.

"ఇదిగో, గుండ్లు" అన్నారు.

"ఇవా గుండ్లు? ఎలక కొరికినట్టున్నాయండీ."

"నీకు పెట్టిన ఎలకని నేనే. తిను" అన్నారు.

అవే నేను తిన్న మంచి పప్పులు.

మా అమ్మాయి కిందటిసారి సెలవుకి వచ్చినప్పుడు పెట్టెలో బాదం, ఆక్రోటు సంచులు సంచులు తెచ్చింది. ఆసుపత్రి నుంచి వచ్చాక ఫోనులో చెబితే, ఇంకా ఊళ్ళో జీడిపప్పు కూడా తెప్పించింది. అన్నీ మూత డబ్బాల్లో పోసి అటక కింద బల్ల మీద పెట్టాను. రోజూ పొద్దున్నే తినడం మొదలుపెట్టాను. మా అమ్మాయి వారం వారం అడిగేది.

"తింటన్నావా అమ్మా?"

"తింటన్నానే."

"ఒట్టు?"

"నీ మీద ఒట్టెందుకే, ఆ డాక్టరమ్మ మీదే ఒట్టు."

అబద్ధం ఆడలేదు. తిన్నాను. వానాకాలం అంతా తిన్నాను. అన్నం తగ్గించాను, గట్టు వెంట నడిచాను. మా తోడికోడలు రోజూ ఏదో ఒకటి అడిగి నన్ను పరీక్ష చేసేది. "నిన్న ఏం కూరే?" అనేది. చెబితే, "అబ్బో, మెదడు మొలకెత్తింది" అనేది. నాకూ ధైర్యం వచ్చింది.

మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళాం. డాక్టరమ్మ రక్తపరీక్ష కాగితం చూసి కళ్ళజోడు తీసింది. లివర్ లెక్క తగ్గాల్సింది పోయి ఇంకొంచెం ఎక్కువైందట.

"పసరు మందులేవైనా వాడుతున్నారా?"

"లేదండీ."

"ఒంటినొప్పుల బిళ్ళలు?"

"లేదండీ. మీరు చెప్పినట్టే పప్పులు తింటన్నానండీ. చూడండి" అని సంచిలోంచి నా చిన్న డబ్బా తీశాను. దారిలో తినడానికి తెచ్చుకున్నాను. మెచ్చుకుంటుందనుకున్నాను.

డాక్టరమ్మ మూత తీసి మొహం వెనక్కి లాక్కుంది. బల్ల మీద ఒక కాగితం పరిచి దాని మీద పోసింది. ముడుచుకుపోయిన బాదం, నల్లమచ్చల జీడిపప్పు, పచ్చగా పొడి అంటుకున్న ఆక్రోటు ముక్కలు. ముక్కిపోయిన వాసన.

"ఇవి ఎవరు తింటున్నారు?"

"నేనేనండీ."

"మీ అమ్మాయి ఇలాంటివి కొని పంపిందా?"

"అయ్యో లేదండీ! అది మంచివే తెచ్చింది. అవి వేరే డబ్బాలో ఉన్నాయండీ."

"మరి అవి ఎవరికి?"

ఎవరికి? ఇంట్లో మేమిద్దరమే. ఎవరైనా వస్తారని. వస్తే పెట్టాలని. షావుకారు గారు ఎప్పుడో పోయాడు. ఆయన సంచి మాత్రం నేను నింపుతూనే ఉన్నాను.

నిజం చెప్పాలంటే, ఏరానని నాకే తెలియదు. పొద్దున్నే డబ్బా తెరవగానే చెయ్యి దానంతటదే వెళుతుంది. మంచిది అటు, మచ్చది ఇటు. వానలకి ఏది చెమ్మెక్కితే అది ఇటు. పారెయ్యడం ఎలా వస్తుంది నాకు? అవి ఇంటివి. తల సగం మరిచిపోయినా వేళ్ళు మాత్రం ఒక్కటీ మరవలేదు.

ఇదంతా డాక్టరమ్మకి చెప్పాను. కాగితం మడిచి చెత్తబుట్టలో పడేసి, కాస్త మెత్తబడి చెప్పింది. "అమ్మా, పప్పుకి పట్టే బూజులో లివర్‌ని పాడుచేసే విషం ఉండొచ్చు. వేయించినా పోదు, కడిగినా పోదు. మచ్చమేర చెక్కేసినా లోపల ఉండొచ్చు. మీ లెక్క పెరిగింది దీనివల్లే అని నేను గట్టిగా చెప్పలేను కానీ, ఇది మాత్రం ఈ రోజే ఆగాలి. వాసన మారింది, రంగు మారింది, చేదుగా తగిలింది అంటే పారెయ్యండి. మంచివి తినండి. మీ కోసమే తెచ్చిందమ్మా మీ అమ్మాయి."

చెక్కేసినా ఉండొచ్చు అనగానే, గడప మీద ఆయన, ఆ చాకు, ఆ అరచెయ్యి కళ్ళ ముందు తిరిగాయి. అప్పుడు ఎవరికి తెలుసు? మాకు తెలిసిన ప్రేమ అంతే.

ఇంటికి రాగానే మా తోడికోడలు చీర ఎత్తి దోపుకుని ఇంటివన్నీ ఎత్తింది.

"కోళ్ళకి వెయ్యకే" అన్నాను. "వాటికీ లివర్ ఉంటది."

"తెలుసులే, డాక్టరమ్మా" అని పెరట్లో గొయ్యి తవ్వి పూడ్చేసింది. మట్టి తొక్కుతూ, "అత్తగారు పైనుంచి చూత్తే ఇప్పుడే దిగొచ్చి ఇద్దర్నీ చీపురు తిరగేసి కొట్టుద్ది" అంది.

తరువాత మంచి డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది. అరుగు మీద కూర్చున్నాం. ఒక గుండు తీసి పట్టుకున్నాను. వంకీ తిరిగి, ఏనుగుదంతంలా తెల్లగా ఉంది. ఎన్ని లక్షలు ఈ వేళ్ళ మధ్యనుంచి పోయి ఉంటాయో. నోటి దాకా తెచ్చాను. చెయ్యి ఆగిపోయింది. నవ్వులాటకి చెప్పడం లేదు, నిజంగానే ముందుకి వెళ్ళలేదు. మళ్ళీ డబ్బాలో వేసేశాను.

"ఏంటే అక్కా? పిల్లలకి గోరుముద్దలు పెట్టినట్టు నీకు పెట్టాలా?"

అప్పుడు తనకి ఒక సంగతి చెప్పాను. ఇంతకాలం ఎవరికీ చెప్పనిది.

మా అత్తగారు చివరి రోజుల్లో మంచం దిగేది కాదు. ఎవరినీ గుర్తుపట్టేది కాదు. ఊరికే దుప్పటి గిల్లుతూ ఉండేది. చూడలేక నేను చేటలో నాలుగు పప్పులు పోసి పక్కన పెట్టేదాన్ని. మొహంలో వెలుగు వచ్చేది. గుండు అటు, బద్ద ఇటు, పొద్దుపోయేదాకా ఏరేది. అయిపోతే నేను మళ్ళీ కలిపేసేదాన్ని. మళ్ళీ ఏరేది. కొడుకు పేరు పోయింది, ఊరి పేరు పోయింది, ఏరడం మాత్రం పోలేదు.

ఒక మధ్యాహ్నం అన్నం కలిపి తీసుకెళితే, కంచం పక్కన పెట్టించి, "ఏయ్ పిల్లా, ఇలా రా" అంది. నన్ను ఎవరనుకుందో. దగ్గరికి వెళ్ళాను. గుమ్మం వైపు ఒకసారి చూసింది. చేటలోంచి ఒక గుండు తీసి, చటుక్కున నా నోట్లో పెట్టేసింది. తనూ ఒకటి వేసుకుంది. బోసినోటితో చప్పరిస్తూ, కళ్ళు చికిలించి నవ్వింది.

"బేగా నమిలెయ్యే. మా అత్తగారు చూడట్లేదు" అంది.

ఆవిడ అత్తగారిని నేనెప్పుడూ చూడలేదు, నేను రాకముందే పోయింది. ఆవిడ మాత్రం అంతకాలమూ గుమ్మంలోనే నిలబడి ఉందన్నమాట. ఆ గుండు నేను నమిలాను కానీ దాని రుచి నాకు తెలియలేదు. నా జన్మకి తిన్న గుండు అదొక్కటే.

మా తోడికోడలు ముక్కు కొంగుతో తుడుచుకుంది. "నాకు నోరు తెరిపించిన మనిషి, నీకు తినిపించిందా? చూసేవా, అక్కడా పెద్దకోడలికే వాటా" అంది.

తరువాత డబ్బాలోంచి ఒక గుండు తీసింది. కాలవ గట్టు అటూ ఇటూ దొంగలా చూసింది.

"నోరు తెరువమ్మా" అంది, అచ్చు మా అత్తగారి గొంతుతో.

తెరిచాను.

ఇప్పటికీ అలాగే. పొద్దున్నే కాఫీకి ముందు ఇద్దరం అరుగు మీద కూర్చుంటాం. మొదటిది తను నా నోట్లో పెడుతుంది, మిగతా గుప్పెడు నేనే తింటాను. మొన్న చూస్తే లివర్ లెక్క కాస్త దిగింది. నా మరుపు సంగతి డాక్టరమ్మా తేల్చి చెప్పలేదు, నేనూ అడగలేదు. బూడిదగిన్నె పట్టుకుని మళ్ళీ వెళ్ళలేదు, అంతే తెలుసు. రేపు వెళ్ళినా వెళతానేమో. అందుకే మా అమ్మాయికి ఇదంతా చెప్పి రాయిస్తున్నాను. ఒకవేళ నేను దాన్ని కూడా గుర్తుపట్టని రోజు వస్తే, నా ముందు చేట పెట్టొద్దు అన్నాను. ఏరడం నా చేతికి వచ్చు, చేట కనపడితే పొద్దుపోయేదాకా అదే ఏరుతూ ఉంటుంది. మంచి గుండు ఒకటి తీసి నోట్లో పెట్టి, ఎవరూ చూడట్లేదని చెప్పమన్నాను.

మా అమ్మాయి రాయడం ఆపేసి డబ్బా దగ్గరికి లాక్కుంది.

"ఇప్పుడే పెడతాను, తిను" అంటోంది.